కొన్నదెంతకి?



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద పెట్టారో ఆ మాస్టారికి ఉపన్యాసాలంటే పెద్దగా గిట్టేది కాదు. తెనాలి వైపు పల్లెలో పుట్టి, జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా కామర్సు చెప్పి, రిటైరయ్యాక ఏటా కొన్ని నెలలు కొడుకు దగ్గరికి డల్లాస్ వచ్చేవారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఆయన కొడుకూ నేనూ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం, అంతే. అయినా సాయంత్రం పార్కు చుట్టూ ఆయన నడకకు బయలుదేరితే వెనక నలుగురైదుగురం తయారయ్యేవాళ్లం. కాసేపటికి మాలో ఎవరో ఒకరు షేర్ల సంగతి ఎత్తేవారు. ఫలానా కంపెనీకి తిరుగులేదు, ఫలానా దాని కొత్త చిప్ వస్తోంది, ఫలానా దాని సీఈఓ మనవాడే అని. మాస్టారు అంతా విని, గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఒక్కటే అడిగేవారు.

"బాగుందయ్యా. కొన్నదెంతకి?"

మొదట్లో మాకిది పెద్దాయన చాదస్తంలా ఉండేది. కంపెనీ మంచిదైతే చాలదా, పదేళ్లు పట్టుకు కూర్చుంటే ఎంతకి కొన్నామన్నది ఎవడిక్కావాలి అనుకునేవాళ్లం. ఆయన వాదించేవారు కాదు. పొలం లెక్క చెప్పేవారు. ఎకరానికి ఏటా నలభై వేలు కౌలు వచ్చే మాగాణి ఉందనుకోండి. దాన్ని పది లక్షలకి కొంటే పాతికేళ్ల కౌలు ముందే ఇచ్చినట్టు. అదే చెక్కని నలభై లక్షలకి కొంటే వందేళ్ల కౌలు ఇచ్చినట్టు. రెండు సందర్భాల్లోనూ మట్టి అదే, కాలవ అదే, కౌలుదారూ అతనే. "పొలం మంచిదా అని అడుగుతావు, మంచిదే. ఎన్ని కౌళ్లకి కొన్నావో అది చెప్పు ముందు" అనేవారు. షేరు ధరని ఒక్కో షేరు వంతుకొచ్చే ఏడాది లాభంతో భాగించి అమెరికా వాళ్లు పీ-ఈ అనేది ఈ కౌళ్ల లెక్కనే. చిన్న తేడా ఒకటుంది. కంపెనీ లాభమంతా డివిడెండుగా చేతికి రాదు, కొంత గట్టు వేయడానికి, బోరు దించడానికి అక్కడే ఉండిపోతుంది. అది కూడా ఆయనే చెప్పారు, మేం ఎదురు ప్రశ్న వేయకముందే.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క ప్రశ్న గురించే. భోజనాలయ్యాక సభ పెట్టారు కాబట్టి అంకెలు ఎక్కువైతే కునుకు పడుతుందని తెలుసు. అయినా తప్పదు, అంకెలు లేకుండా ఆయన పేరు మీద మాట్లాడితే ఆయనకే నచ్చదు.

నా తప్పుతోనే మొదలుపెడతాను. 1998లో కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కే పనుల మీద, కోబాల్ భాష తెలుసన్న ఒకే అర్హతతో, న్యూజెర్సీలో దిగాను. రెండేళ్లలో కాస్త డబ్బు వెనకేశాను. 2000 మార్చిలో ఒక నెట్‌వర్క్ పరికరాల కంపెనీ షేర్లు యాభై, ఒక్కోటీ దాదాపు 80 డాలర్లు పెట్టి కొన్నాను. కంపెనీ తప్పేమీ లేదు, అది ఇవాళ్టికీ దివ్యంగా నడుస్తోంది. అప్పుడు దాని ధర ఎన్ని కౌళ్లో నేను లెక్కేయలేదు. ఆ మాటే నాకు తెలియదు. నాస్డాక్ సూచీ ఆ నెల 10వ తేదీన 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరు 9కి 1,114. మళ్లీ 5,048 దాటింది 2015 ఏప్రిల్‌లో. ఈ మధ్యలో నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాడు నా చెప్పులు వేసుకునేంతవాడయ్యాడు.

నా సంగతి పక్కన పెట్టి మన వాళ్లందరికీ తెలిసిన కంపెనీని తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ 1986 మార్చి 13న 21 డాలర్లకి మార్కెట్లోకి వచ్చింది. తర్వాత తొమ్మిదిసార్లు షేర్లు విడగొట్టారు, కాబట్టి ఆనాటి ఒక్క షేరు ఇవాళ 288 షేర్లు. 1999 డిసెంబరు చివరికి షేరు 119 డాలర్లకు చేరింది. 2003 విభజన తర్వాతి లెక్కలో అది 60కి కాస్త తక్కువ. అంతకు ముందు జూన్‌తో ముగిసిన ఏడాదిలో కంపెనీ అమ్మకాలు 1,975 కోట్ల డాలర్లు, లాభం 779 కోట్లు. ధర ఆ లాభానికి ఎనభై రెట్లకు పైన. మాస్టారి భాషలో ఎనభై కౌళ్లకు పైగా ముందే కట్టి కొన్న పొలం.

ఆ తర్వాత పంట పండలేదా అంటే, బ్రహ్మాండంగా పండింది. 2013 జూన్ నాటికి అమ్మకాలు 7,785 కోట్లు, లాభం 2,186 కోట్లు. పద్నాలుగేళ్లలో అమ్మకాలు నాలుగు రెట్లయ్యాయి, లాభం దాదాపు మూడు రెట్లయింది. షేరు మాత్రం? 2014 ఫిబ్రవరి 4న హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల పగ్గాలు అందుకున్న రోజున ధర 36 డాలర్ల చిల్లర. అంటే 1999 శిఖరం కంటే ఇంకా నలభై శాతం కింద. డివిడెండ్లు వచ్చాయి నిజమే, 2004లో షేరుకి 3 డాలర్ల ప్రత్యేక డివిడెండు కూడా ఇచ్చారు. ఎంత వచ్చినా ఆ గొయ్యి పూడలేదు. పాత శిఖరాన్ని మళ్లీ దాటేసరికి 2016 అక్టోబరు అయింది.

పాపం నాదెళ్లకి ముందున్న స్టీవ్ బాల్మర్‌ని అందరూ తిట్టారు. ఆయన 2000 జనవరిలో సీఈఓ అయ్యారు. ఫోన్ల విషయంలో ఆయన తప్పులు ఆయనవి, కాదనను. కానీ ఆయన కూర్చునేటప్పటికే కుర్చీ ధర ఎనభై రెట్ల దగ్గరుంది. ఆయన దిగేటప్పటికి పదమూడు పద్నాలుగు రెట్లు. లాభం మూడింతలు చేసినా రెట్లు ఆరో వంతుకి పడిపోతే షేరు ఎక్కడ పెరుగుతుంది? నాదెళ్ల గారు గొప్పగా నడిపారు, అది తెలుగువాళ్లం కనుక అనడం లేదు, అంకెలే అంటున్నాయి. అయితే ఆయన వచ్చిన రోజున కొన్నవాడికి పొలం చవగ్గా దొరికిందన్నది కూడా అంతే నిజం. మైక్రోసాఫ్ట్ వాళ్లుండే రెడ్మండ్, బెల్లెవ్యూల్లో మన పిల్లలు చెప్పుకునే విజయగాథల్లో ఈ రెండో ముక్క సాధారణంగా ఉండదు.

లెక్క తేలిగ్గా ఉండాలని పాతికేళ్ల దగ్గర, 2024 చివరికి ఆపుతాను. ఆ రోజు షేరు సుమారు 421 డాలర్లు. 1999 శిఖరం మీద కొన్నవాడికి ఏడు రెట్లు, డివిడెండ్లు కలపకుండా ఏటా ఎనిమిది శాతం. చెడ్డదేం కాదు, చాలామంది బ్యాంకు డిపాజిట్ల కంటే నయం. 2009 మార్చిలో 15 డాలర్ల దగ్గర కొన్నవాడికి పదహారేళ్లలోపే ఇరవై ఏడెనిమిది రెట్లు. 2014లో కొన్నవాడికి పదకొండేళ్లలో పదకొండు రెట్లకు పైన. ముగ్గురి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం. మొదటివాడే అందరికంటే ఎక్కువ కాలం ఓపిక పట్టాడు, అందరికంటే తక్కువ తీసుకున్నాడు.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, అయినా ఏటా ఎనిమిది శాతం వచ్చిందిగా, కాలమే అన్నిటినీ సరిచేస్తుందిగా అంటారు. ఈ మాట మన వాట్సాప్ గుంపుల్లో దాదాపు వేదవాక్యం. దీన్ని కాస్త నిదానంగా విప్పుదాం. మాస్టారు ఓ సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని, నా ఆఫీసు కాగితం వెనకాల వేసి చూపించిన లెక్క ఇది.

ఒక వ్యాపారం ఏటా పది శాతం పెరుగుతుంది. ఒకడు సరైన ధరకి లక్ష డాలర్లు పెట్టాడు. రెండోవాడు అదే రోజు అదే లక్ష పెట్టాడు, కాకపోతే రెట్టింపు ధరకి కొన్నాడు, అంటే సగం షేర్లే వచ్చాయి. చివరికి మార్కెట్ సరైన ధర దగ్గరికే వస్తుందనుకుందాం. ఐదేళ్లకు మొదటివాడి దగ్గర లక్షా అరవై ఒక్క వేలు, రెండోవాడి దగ్గర ఎనభై వేలు. రెండోవాడు అసలులోనే నష్టపోయాడు. పదేళ్లకు రెండోవాడు లక్షా ముప్పై వేల దగ్గరున్నాడు, ఏటా రెండున్నర శాతం పైచిలుకు. ముప్పై ఏళ్లకు? అతనికి ఏటా ఏడున్నర శాతం పడింది. మొదటివాడి పది శాతం ముందు అదేం పెద్ద తేడాగా కనిపించదు. చూశారా, కాలం తప్పుని కరిగించేసింది అంటాం.

ఇప్పుడు డాలర్లు చూడండి. ముప్పై ఏళ్లకు మొదటివాడి దగ్గర పదిహేడు లక్షల నలభై ఐదు వేలు. రెండోవాడి దగ్గర ఎనిమిది లక్షల డెబ్బై రెండు వేలు. ఐదో ఏట తేడా ఎనభై వేలుంటే, ముప్పయ్యో ఏట ఎనిమిది లక్షల డెబ్బై వేలు. శాతంలో చూస్తే తప్పు కరుగుతూ వచ్చింది, డాలర్లలో చూస్తే ఏటికేడాది బలిసింది. మొదటి రోజున సగం షేర్లు తక్కువ వచ్చినవాడికి ఎన్నేళ్లు గడిచినా సగమే ఉంటుంది. రిటైరయ్యాక కరెంటు బిల్లు శాతాల్లో కట్టం కదా, డాలర్లలోనే కడతాం. నేను ఈ సభకొచ్చి చెప్పదలుచుకున్నది నిజానికి ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దీనికి ముందూ వెనకా.

ఈ లెక్క కాగితం మీదే తప్ప లోకంలో నిలుస్తుందా అన్న అనుమానం రావచ్చు. వార్టన్ బిజినెస్ స్కూల్లో ఫైనాన్స్ చెప్పిన జెరిమీ సీగెల్ 2005లో వెలువడిన తన పుస్తకంలో రెండు కంపెనీల్ని పక్కపక్కన పెట్టారు. 1950లో కొన్న ఐబీఎం ఒకటి, స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ మరొకటి. ఆ రెండోదే ఇవాళ్టి ఎక్సాన్‌మొబిల్. 2003 దాకా చూస్తే అమ్మకాల్లో, లాభాల్లో, అన్నిట్లో ఐబీఎం వేగంగా పెరిగింది. షేరు ధర కూడా దానిదే ఎక్కువ పెరిగింది, దాదాపు మూడు వందల రెట్లు. చమురు కంపెనీది నూట ఇరవై రెట్లే. అయినా డివిడెండ్లతో మళ్లీ షేర్లే కొంటూ పోయినవాడికి చమురు కంపెనీలో పెట్టిన వెయ్యి డాలర్లు పన్నెండు లక్షల అరవై వేలయ్యాయి, ఐబీఎంలో పెట్టిన వెయ్యి తొమ్మిది లక్షల అరవై ఒక్క వేలే. కారణం రెట్లు. ఆ యాభై మూడేళ్లలో ఐబీఎం సగటున దాదాపు 27 రెట్ల దగ్గర అమ్ముడుపోయింది, స్టాండర్డ్ ఆయిల్ 13 రెట్ల దగ్గర. చవగ్గా ఉన్నదాంట్లో డివిడెండు శాతం ఎక్కువ, ఆ డివిడెండుతో చవగ్గానే మరిన్ని షేర్లు. చివరికి చమురు కంపెనీ వాడి దగ్గర మొదలుపెట్టిన వాటికి పదిహేను రెట్ల షేర్లున్నాయి, ఐబీఎం వాడి దగ్గర మూడు రెట్లు.

అంటే దీర్ఘకాలం ఉంచేవాడు ధర ఒక్కసారే కట్టడు. డివిడెండు వచ్చిన ప్రతిసారీ, జీతంలోంచి కోత పడిన ప్రతిసారీ మళ్లీ కొంటూనే ఉంటాడు. కాబట్టి ముప్పై ఏళ్లు కొనబోయే కుర్రాడికి ధర పడిపోవడం శుభవార్త, రేపు రిటైరయ్యేవాడికి అదే పిడుగు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు టీవీ ముందు కూర్చుని ఒకే వార్తకి ఒకరు బెంగపడాలి, ఒకరు సంతోషించాలి. ఇద్దరూ బెంగపడుతున్నారంటే కొడుక్కి లెక్క రాదని అర్థం.

వారెన్ బఫెట్ కోకాకోలా కథ మీరంతా వినే ఉంటారు, కాబట్టి త్వరగా దాటేస్తాను. 1988లో మొదలుపెట్టి 1994 కల్లా 40 కోట్ల షేర్లు 130 కోట్ల డాలర్లకి కొన్నారు. 1994లో ఏడాదికి 7.5 కోట్ల డాలర్ల డివిడెండు, 2022లో 70.4 కోట్లు. కొన్న ధరలో సగానికి పైగా ప్రతి ఏటా కౌలుగా వస్తోందన్నమాట. అదే కోకాకోలాని 1998 వేసవిలో యాభై రెట్లకు పైన కొన్నవాడికి ఆ ధర మళ్లీ కళ్లబడటానికి పదహారేళ్లు పట్టింది. ఆ బుడగ రోజుల్లో పెద్ద వాటాలు కొన్నిటిని అమ్మకపోవడం తన తప్పేనని బఫెట్ తర్వాత తన వాటాదారులకు రాసుకున్నారు కూడా.

ఇంతవరకూ ఏకపక్షంగా చెప్పాను. అమెజాన్ ఉంది కదా అంటారు. ఉంది. 1999 డిసెంబరులో 107 డాలర్లు, 2001 శరదృతువులో ఆరు డాలర్ల కింద. అంత పైన కొని, తొంభై నాలుగు శాతం పోయాక కూడా కదలకుండా పాతికేళ్లు కూర్చున్నవాడికి 2024 చివరికి నలభై రెట్లయింది, ఏటా పదహారు శాతం. ధర ఎక్కువైనా వ్యాపారం అంతకు మించి పెరిగితే గట్టెక్కుతాం, ఒప్పుకుంటాను. అయితే అదే రోజుల్లో కంప్యూటర్ల కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్ కూడా ఉంది. షేరు 64 డాలర్ల దగ్గరున్నప్పుడు మార్కెట్ తమ ఏడాది అమ్మకాలకే పది రెట్లు విలువ కట్టిందని దాని అధిపతి స్కాట్ మెక్‌నీలీ తర్వాత ఆశ్చర్యపోయాడు. సరుకుకి ఖర్చు లేకుండా, జీతాలు ఇవ్వకుండా, పన్ను కట్టకుండా, పరిశోధన మానేసి, వచ్చిన ప్రతి డాలరూ మీకే పంచినా పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది, మీరేమనుకుని కొన్నారసలు అని అడిగాడు. లాభానికి ఎనభై రెట్లు అన్నది పక్కన పెట్టండి, ఇది అమ్మకానికి పది రెట్లు. చివరికి 2010లో ఆరకిల్ ఆ కంపెనీని కొన్నప్పుడు పాత షేరు లెక్కలో చేతికొచ్చింది రెండున్నర డాలర్ల లోపు. 1999లో ఈ రెండిట్లో ఏది అమెజాన్ అవుతుందో, ఏది సన్ అవుతుందో మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. చెప్పామని ఇప్పుడు అనుకునేవాళ్లు మాత్రం చాలామంది.

ఇక వేళ సంగతి. ధర, వేళ అనే రెండు మాటల్ని మనం ఒకటిగా కలిపేసి గందరగోళపడతాం. ధర అంటే ఎన్ని కౌళ్లకు అన్న ప్రశ్న. దానికి కాగితం మీద జవాబుంటుంది. వేళ అంటే ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు లేస్తుంది అన్న జోస్యం. మొదటిది తెలిసినంత మాత్రాన రెండోది తెలియదు.

1996 డిసెంబరు 3న ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వాళ్ల ముందు కూర్చుని ధరలు లాభాలతో పోలిస్తే బాగా ఎక్కువయ్యాయని చెప్పాడు. రెండు రోజులకు, 5వ తేదీ రాత్రి, ఆ బ్యాంకు అధ్యక్షుడు అలన్ గ్రీన్‌స్పాన్ తన ప్రసంగంలో మార్కెట్ ఉత్సాహం మితిమీరిందా అన్న అర్థం వచ్చే ప్రశ్న వేశాడు. ఆ రోజు ఎస్ అండ్ పీ సూచీ 744. ఆ మాట విని అమ్మేసి దిగిపోయినవాడు ఏం చూశాడు? మూడేళ్ల చిల్లరలో సూచీ రెట్టింపయి 1,527కి పోయింది. సరే, బుడగ పగిలి 2002 అక్టోబరులో అడుగంటింది, ఎంతకి? 776. అంటే అంతటి విధ్వంసం తర్వాత కూడా అతను అమ్మిన ధర కంటే పైనే. ఆ శిఖరం తర్వాత 744 కింద ముగిసింది 2009 ఫిబ్రవరిలో, మార్చికి 676. పన్నెండేళ్లు పైన పట్టింది అతని మాట నెగ్గడానికి, అదీ ఆ పన్నెండేళ్ల డివిడెండ్లు లెక్కేయకపోతేనే. షిల్లర్ తప్పు చెప్పలేదు. ఆస్తుల ధరల మీద చేసిన కృషికి 2013లో నోబెల్ కూడా పంచుకున్నాడు. ధర గురించి ఆయన చెప్పింది నిజం. వేళ గురించి ఆయన చెప్పనిదాన్ని జనం ఆయన నోట్లో పెట్టారు.

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకి ఈ కష్టం కొత్తది కాదు. కోత రోజుల్లో ధర బాగోలేదని బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ధర వస్తుందనే నమ్మకం సరైనదే కావచ్చు. ఈలోగా స్టోరేజీ అద్దె నడుస్తుంది, అప్పు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తుంది, మిర్చి రంగు తగ్గుతుంది. ఆర్నెల్లకు ధర పెరిగినా చేతిలో మిగిలేదేమీ ఉండకపోవచ్చు. డబ్బు పట్టుకుని మార్కెట్ పడుతుందని ఎదురుచూసేవాడి పరిస్థితీ అదే, కాకపోతే స్టోరేజీ అద్దె బిల్లు రూపంలో రాదు కాబట్టి అతనికి కనపడదు. 2012లో వాన్‌గార్డ్ సంస్థ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల పాత లెక్కలు తిరగేస్తే, ఉన్న డబ్బు ఒకేసారి పెట్టినవాడు విడతలుగా పెట్టినవాడి కంటే మూడింట రెండు వంతుల సందర్భాల్లో ముందున్నాడు. పైగా మార్కెట్ ఒక్క రోజులో బాగా పెరిగే రోజులు తరచూ గగ్గోలు మధ్యలోనే వస్తాయి. 2008 అక్టోబరు 13న ఒక్క రోజులో పదకొండున్నర శాతం పెరిగింది. ఆ వారం ధైర్యంగా కొన్న మనిషిని నేనైతే చూడలేదు.

అసలు మనలాంటివాళ్లకి వేళ మన చేతుల్లో ఎంతుంది? ఈ విషయం అమెరికన్ పుస్తకాల్లో నాకు కనపడలేదు, అందుకని కాస్త ఆగి చెబుతాను. వలస వచ్చినవాడి కొనుగోలు తేదీని చాలావరకు వీసా నిర్ణయిస్తుంది. ఏటా 65,000 ఉన్న హెచ్-1బి వీసాల పరిమితిని 1998 చట్టంతో 1,15,000 చేశారు. 2000 అక్టోబరు చట్టంతో మూడేళ్లపాటు 1,95,000 చేశారు. 2004కి మళ్లీ 65,000. అంటే హైదరాబాదు అమీర్‌పేటలో కోర్సులు చేసి విమానాలెక్కిన మా తరం సరిగ్గా షేర్లు ఆకాశంలో ఉన్నప్పుడు ఇక్కడ దిగింది. 2000 నుంచి 2009 దాకా పదేళ్లలో ఎస్ అండ్ పీ సూచీలో పెట్టిన డబ్బు డివిడెండ్లు కలిపినా తొమ్మిది శాతం తగ్గింది. ఆ తర్వాతి పదేళ్లలో ఏటా పదమూడున్నర శాతం పెరిగింది. 2009లో ఎమ్మెస్ ముగించి ఉద్యోగం దొరక్క అల్లాడిన పిల్లలు, దొరికాక చవకలో కొన్నారు. తెలివిలో మాకూ వాళ్లకూ తేడా లేదు. ఫ్లైట్ టికెట్ తేదీలో ఉంది.

ఇంకో చిక్కుంది. చవక ఎప్పుడొస్తుంది? జనం భయపడినప్పుడు. జనం ఎప్పుడు భయపడతారు? ఉద్యోగాలు పోయినప్పుడు. 2001, 2002లో మా అపార్టుమెంట్లో సగం మంది పని లేక బెంచీ మీద ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజులు ఉండొచ్చన్న నియమం 2017లో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. మైక్రోసాఫ్ట్ చవగ్గా ఉంది కొనరా అంటే, అద్దెకి డబ్బుల్లేవురా అనేవాళ్లు. పడినప్పుడు కొనాలని చెప్పే పెద్దమనుషులు ఒక మాట మర్చిపోతారు, పడినప్పుడు చేతిలో డబ్బుండటమే అసలు సమస్య. ఉద్యోగం, వీసా, షేర్లు మూడూ ఒకే పరిశ్రమకి కట్టేసుకున్నవాడికి మూడూ ఒకే వారంలో ఊగుతాయి. అందుకే మాస్టారు ధర అడిగాక రెండో ప్రశ్నగా, "ఇది అప్పు చేసి కొన్నావా, ఆర్నెల్ల తిండి పక్కన పెట్టి కొన్నావా" అనేవారు.

ఈ సందర్భంలోనే జీతంతో పాటు కంపెనీలు షేర్ల రూపంలో ఇచ్చే ఆర్ఎస్‌యూల సంగతి. మన పిల్లల్లో చాలామంది అవి ఉచితంగా వచ్చాయనుకుంటారు, కాబట్టి వాటికి కొన్న ధర లేదనుకుంటారు. ఉంది. షేరు చేతికొచ్చిన రోజు ధర మీదే జీతంలాగా పన్ను పడుతుంది. ఆ రోజు అమ్మితే అది నగదు జీతం. అమ్మకుండా ఉంచుకుంటే, ఆ జీతం తీసుకుని అదే రోజు, అదే ధరకి, మన కంపెనీ షేరే కొన్నట్టు. ఎవరైనా నగదు బోనస్ ఇస్తే మొత్తం తెచ్చి ఒకే కంపెనీలో పెడతావా అని అడిగితే, పెట్టను అంటారు. కానీ ఆ షేర్లు చేతికొచ్చే మూడు నెలలకోసారి పెడుతూనే ఉంటారు. ఒక కుర్రాడికి ఇది మాస్టారు వివరించిన రోజు గుర్తుంది. ఆ అబ్బాయి అరగంట మాట్లాడలేదు. తర్వాత ఇంటికెళ్లి ఏం చేశాడో నాకు తెలియదు, అడగలేదు.

రిటైర్మెంటు కోసం జీతంలోంచి నెలనెలా కోసే 401(కె) మాత్రం మన అదృష్టానికి వేళని మన చేతుల్లోంచి లాగేసుకుంటుంది. దీని బలమెంతో చూడటానికి 1929 కంటే మంచి ఏడాది లేదు. ఆ ఏడాది ఆగస్టు సంచికలో లేడీస్ హోమ్ జర్నల్ అనే పత్రిక, జనరల్ మోటార్స్ ఆర్థిక వ్యవహారాలు చూసిన జాన్ రాస్కబ్‌తో మాటామంతీ వేసింది. అందరూ ధనవంతులు కావాలన్నది ఆయన మాట. నెలకి 15 డాలర్లు మంచి షేర్లలో పెడితే ఇరవై ఏళ్లలో 80,000 అవుతాయన్నాడు. సెప్టెంబరు 3న డౌ జోన్స్ సూచీ 381. 1932 జులై 8న 41. పాత శిఖరం మళ్లీ దాటింది 1954 నవంబరులో. రాస్కబ్ లోకువైపోయాడు, ఇప్పటికీ నవ్వుతూనే ఉంటారు.

కానీ బెంజమిన్ గ్రాహం, విలువ చూసి కొనడం నేర్పిన మహానుభావుడు, నవ్వి ఊరుకోకుండా లెక్క వేశాడు. 1929 మొదట్లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నెలకి 15 చొప్పున డౌ షేర్లలో పెడుతూ పోయిన మనిషి మొత్తం 3,600 కట్టాడు. మొదలుపెట్టినప్పుడు సూచీ 300 దగ్గర, ముగించినప్పుడు 177. అయినా అతని దగ్గర 1949 మొదట్లో సుమారు 8,500 ఉన్నాయి. ఏటా ఎనిమిది శాతం. చెప్పిన 80,000కి ఇది ఎక్కడా దగ్గరలేదు, నిజమే. కానీ చరిత్రలోనే అతి చెడ్డ వేళ మొదలుపెట్టి, సూచీ నలభై శాతం కింద ఉండగా ముగించి, ఎనిమిది శాతం! ఎలా? 1932లో 41 దగ్గర కూడా అతని 15 డాలర్లు వెళ్లాయి, వాటికి డివిడెండ్లు తోడయ్యాయి కాబట్టి. అతను ధైర్యవంతుడు కానక్కర్లేదు. ఆ నెల ఉద్యోగం ఉంటే చాలు. ఆ రోజుల్లో నలుగురు పనివాళ్లలో ఒకరికి అదే లేదు.

అందుకే నెలనెలా కొనేవాడికి వేళ గురించి బెంగ వద్దంటాను. ఒక్కసారిగా పెద్ద మొత్తం పెట్టేవాడు, ఇల్లు అమ్మిన డబ్బో, నాన్న పొలం వాటానో, ఆప్షన్ల డబ్బో తెచ్చి ఒకే కంపెనీ మీద పెట్టేవాడు, మాత్రం పార్కులో అడిగిన ఆ ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. అతనికి ముప్పై ఏళ్ల కొనుగోళ్లు లేవు. ఒక్కటే ఉంది.

చివరిగా నా యాభై షేర్లు. అమ్మలేదు. మొదట్లో మొండితనం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత మరుపు. మొన్న చలికాలంలో ఒక ఉదయం ఫోన్ తెరిస్తే నేను కొన్న ధర కనపడింది. పాతికేళ్ల తర్వాత, మొదటిసారి. నా 4,000 డాలర్లు మళ్లీ 4,000 డాలర్లయ్యాయి. ఆఫీసుకి వెళ్లే దారిలో మాస్టారికి ఫోన్ చేయాలనిపించి, ఆయన పోయి మూడేళ్లయిందన్నది ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది. చేసుంటే ఏమడిగేవారో తెలుసు. ఎంతకి కొన్నానో ఆయనకి ముందే తెలుసు కాబట్టి అది అడగరు. "మధ్యలో కౌలెంతొచ్చింది?" అంటారు. మొదటి పదకొండేళ్లూ పైసా రాలేదు మాస్టారూ. తర్వాత నుంచి మూడు నెలలకోసారి వస్తోంది. మొత్తం ఎంతో మీకు చెబుదామని కూడి ఉంచాను.